విప్పొద్దు అనకండి

సైన్స్ ఎగ్జిబిషన్ వస్తోందంటే చాలు, బజారులో కిట్లకు గిరాకీ మొదలవుతుంది. అట్టపెట్టెలో అన్నీ ఉంటాయి: బోర్డు, తీగలు, బ్యాటరీ క్లిప్పు, చివరికి చార్టు మీద రాయాల్సిన నాలుగు వాక్యాలు కూడా. సాయంత్రం కొంటారు, రాత్రి అతికిస్తారు, మర్నాడు బహుమతి తెచ్చుకుంటారు. దీన్ని ప్రాజెక్టు అంటే నేను ఒప్పుకోను. కొట్లో కొన్న మైసూర్‌పాక్ మా అమ్మే చేసిందని చెప్పడం లాంటిదే ఇది.

ప్రతి ఎగ్జిబిషన్‌లో కనిపించే ఆటోమేటిక్ వీధి దీపాన్నే తీసుకోండి. చీకటి పడితే ఎల్ఈడీ వెలుగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. అది ఎందుకు వెలిగింది? అందులో ఎల్‌డీఆర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. వెలుతురు పడితే దాని నిరోధం తగ్గుతుంది, చీకట్లో బాగా పెరుగుతుంది. వెలుతురున్నప్పుడు కరెంటు ఆ బిళ్ల గుండా పక్కకు పోతుంది కాబట్టి ట్రాన్సిస్టర్ పనిచేయదు. చీకట్లో ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర వోల్టేజి సుమారు 0.7 వోల్టులకు చేరి దీపం వెలుగుతుంది.

న్యాయనిర్ణేతలు ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "బాబూ, ఈ ఎల్‌డీఆర్‌నీ, బేస్‌కి కరెంటు తెచ్చే ఆ రెసిస్టర్‌నీ అటూ ఇటూ మారిస్తే ఏమవుతుంది?" సొంతంగా చేసినవాడు "దీపం పగలు వెలుగుతుందండీ" అని ఠక్కున చెబుతాడు. కిట్ అతికించినవాడు చార్టు వైపు చూస్తాడు.

ఇక ఇంటి సంగతి. మోగని రేడియో, తిరగని బొమ్మ కారు, పనిచేయని రిమోట్, ఏది ముట్టుకున్నా "విప్పొద్దు, పాడుచేస్తావు" అంటారు. అది పాడైందనే కదా మూల పడేశారు! పాత సామాన్లవాడికి వేస్తే మీకు వచ్చేది నాలుగు రూపాయలు. మాకిస్తే అందులో ఒక స్పీకరో, ఒక మోటారో, రెండు స్విచ్చులో దొరుకుతాయి. ఒక్కోసారి ఊడిన తీగ ఒక్కటి అతికిస్తే వస్తువే మళ్లీ పనిచేస్తుంది.

షాక్ కొడుతుందని భయపడతారు. ఆ భయం న్యాయమైనదే, అందుకే హద్దు పెట్టండి. గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టులు, దాని జోలికి మేం పోకూడదు. మైక్రోవేవ్ ఓవెన్‌లో, పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో ప్లగ్గు పీకేసినా ప్రమాదకరమైన ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చితే మంటలొస్తాయి. ఇవి మాకు వద్దు. సోల్డరింగ్ ఐరన్ కొన 350 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి పెద్దవాళ్లు పక్కనుండాలి. మామూలు సెల్లులతో నడిచే వస్తువులకు మాత్రం అడ్డు చెప్పకండి. హద్దు వేరు, నిషేధం వేరు.

"ఇవన్నీ ఇంగ్లీషు మీడియం పిల్లలకు, తెలుగు మీడియం వాళ్లకెందుకు?" అనే మాట నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. రెసిస్టర్‌కు భాష ఏది? దాని మీద ఉండేవి రంగు గీతలు. గోధుమ, నలుపు, ఎరుపు వరుసగా ఉంటే 1000 ఓములు, మద్రాసులోనైనా జపాన్‌లోనైనా అంతే. ఓం నియమం మేం పదో తరగతిలో తెలుగులోనే నేర్చుకున్నాం. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీ తగిలించాలంటే ఎల్ఈడీకి 2 వోల్టులు పోగా 7 మిగులుతాయి. 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుకు 350 ఓములు కావాలి. కొట్లో సులభంగా దొరికే 390 వేస్తే సరిపోతుంది. రిచ్చీ స్ట్రీట్‌లో దాన్ని తమిళంలో అడుగుతాం, అవసరమైతే డేటాషీట్ ఇంగ్లీషులో చదువుతాం, లెక్క మాత్రం తెలుగులో చేస్తాం. మూడు భాషలు వచ్చినవాళ్లం వెనకబడ్డవాళ్లం ఎలా అవుతాం?

అందుకే అడుగుతున్నాం. ల్యాబులో ఒక బల్ల, ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, ఇళ్లల్లో పాడైన వస్తువులు వేయడానికి ఒక పెట్టె, వారానికి ఒక పీరియడ్ ఇవ్వండి. ఎగ్జిబిషన్‌లో కిట్లకు బహుమతులు ఆపండి. "మారిస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు మార్కులు పెట్టండి. అమ్మానాన్నలూ, పాత సామాన్లవాణ్ణి పిలిచే ముందు ఒకసారి మమ్మల్ని పిలవండి.