దాసుగారు దాచలేదు, మనమే దాస్తున్నాం

గొప్పవాళ్ళ సొంత బతుకులు మనకెందుకంటారు చాలామంది. నాకా మాట మింగుడుపడదు. ఐన్‌స్టీన్ 1955లో పోయాడు. పెళ్ళికి ముందే ఆయనకీ మిలేవాకీ ఓ ఆడపిల్ల పుట్టిందని లోకానికి తెలిసింది 1980ల్లో, పాత ఉత్తరాలు బయటపడ్డాక.

మా విజయనగరం ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) ఎవరికీ అంత పని పెట్టలేదు. కుర్రతనపు వేశ్యాసాంగత్యంతో సహా ‘నా యెఱుక’లో తనే రాసేసుకున్నారు. (హరికథా పితామహుడు కదా, కథ దాచడం చేతకాదు!) మన సభల్లో మాత్రం దండలు, బిరుదులూనూ. ఆ పేజీల ఊసే ఎత్తరు. దాచనివాడి తరఫున మనం దాచడమేంటో!

అయినా నాకో వెలితి ఉంది. అందులో మాట్లాడేది దాసుగారొక్కరే. ఆ ఆడవాళ్ళేమనుకున్నారో, ఇంట్లో ఇల్లాలు ఏమనుకున్నారో వాళ్ళ నోట వినబడదు. మిలేవావి కొన్ని ఉత్తరాలైనా మిగిలాయి.