యువతరం – ఉపాధి: షేర్ల అంగడిలో ఉద్యోగం

ప్రేమ్ బజారులో మా ఇంటికి రెండిళ్ళ అవతల నివసించు విశ్రాంత ఉద్యోగి ఒకరు గత మాసమున ఈ రచయితను ఇంటికి పిలిచి, కొంత కోపముగానే ఇట్లనినారు: "అమ్మాయి బి.కాం. పూర్తి చేసినది. బ్యాంకు పరీక్షలు వ్రాయమంటే షేర్ల కంపెనీలో చేరుతానంటున్నది. మీరైనా నాలుగు మాటలు చెప్పండి బాబూ."

ఆయన కోపమునకు కారణము లేకపోలేదు. 1995లో భవిష్య నిధి నుండి అడ్వాన్సు తీసుకొని ఒక క్రొత్త కంపెనీ వాటాలకు దరఖాస్తు చేసినారు. వాటా పత్రములు నేటికీ ట్రంకుపెట్టెలో భద్రముగా ఉన్నవి. కంపెనీ మాత్రం ఆ చిరునామాలో లేదు. అమ్మాయి వాదన వేరు: "ఆ కంపెనీ లెక్కలు చదివి చెప్పేవారు లేకనే కదా బాబాయిగారూ, నాన్నగారి సొమ్ము పోయినది! ఆ చదివే పని నేర్చుకుంటానంటే తప్పేమున్నది?"

ఇరువురి మాటలోనూ న్యాయమున్నది. చిక్కంతా రెండు వేర్వేరు వృత్తులను ఒకటిగా భావించుటలో ఉన్నది.

మొదటిది దళారీ వృత్తి, అనగా స్టాక్ బ్రోకింగ్. మనకు సమీపమున ఉన్న కలకత్తాలో పూర్వము దళారులు ఒక వేపచెట్టు క్రింద బేరములాడెడివారని చెప్పుకొందురు. 1908లో అచ్చట స్టాక్ ఎక్స్ఛేంజి ఏర్పడినది. 2001లో చెల్లింపుల సంక్షోభము దానిని క్రుంగదీసినది. 2013 నుండి లయన్స్ రేంజిలోని ఆ సంస్థలో క్రయవిక్రయములు నిలిచిపోయినవి. 1943లో ప్రారంభమైన హైదరాబాదు ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయినది. ఎక్స్ఛేంజి అంతస్తు మీద నిలబడి కేకలు వేయు ఉద్యోగము ఇప్పుడు లేదు. బొంబాయి, నేషనల్ ఎక్స్ఛేంజీల లావాదేవీలు కంప్యూటరు తెర మీదనే జరుగుచున్నవి. 2023 జనవరి నుండి వాటాల కొనుగోలు, అమ్మకముల పరిష్కారము మరుసటి పనిదినముననే పూర్తియగుచున్నది. కనుక నేటి బ్రోకరు కార్యాలయమునకు కావలసినవారు డీలర్లు, నష్టభయమును లెక్కించువారు, ఖాతాలు సరిచూచువారు.

రెండవది మదుపు విశ్లేషణ. కంపెనీ వార్షిక నివేదికను అక్షరమక్షరము చదివి, వాటా విలువను నిర్ణయించి చెప్పుట ఈ పని. ఇది ఎంత అవసరమో మన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు వ్రాసిన లేఖలో, ఖాతాలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అంగీకరించినారు. ఆ పుస్తకములను ఎందరో నిపుణులు సంవత్సరముల తరబడి చూచినవారే!

దళారీ వృత్తికీ ఇట్టి మచ్చ కలదు. 1983లో హైదరాబాదులో అకౌంటెంట్లు స్థాపించిన కార్వీ సంస్థ దేశమంతట శాఖలు విస్తరించినది. ఖాతాదారుల వాటాలను తాకట్టు పెట్టి సొమ్ము వాడుకొన్నదన్న అభియోగముపై 2019 నవంబరులో సెబీ దానిపై ఆంక్షలు విధించినది. మరుసటి ఏడాది నేషనల్ ఎక్స్ఛేంజి ఆ సంస్థను బహిష్కరించినది. వీధిన పడినవారిలో ఏ తప్పూ చేయని ఉద్యోగులెందరో.

ఇక అర్హతల మాట. సెబీ 2006లో స్థాపించిన ఎన్.ఐ.ఎస్.ఎం. పరీక్షలు నిర్వహించుచున్నది. ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీలు జరుపు డీలర్లకు ఎనిమిదవ శ్రేణి, పరిశోధక విశ్లేషకులకు పదిహేనవ శ్రేణి. ధ్రువపత్రము మూడేళ్ళు చెల్లును. సి.ఎ. గాని, మూడు దశల సి.ఎఫ్.ఎ. గాని ఉన్నవారికి ఆదరణ హెచ్చు. 2014 నాటి నిబంధనలను అనుసరించి, విశ్లేషకుడు తాను నివేదిక వ్రాసిన వాటాను అది వెలువడుటకు ముందు ముప్పది దినములు, తరువాత ఐదు దినములు తన ఖాతాలో కొనుటకు, అమ్ముటకు వీలులేదు. (మన ఉద్యోగులకు కూడ ప్రవర్తనా నియమావళి సట్టాను నిషేధించుచున్నదని ఈ సందర్భమున జ్ఞప్తి చేయవచ్చును.)

ఒక్క విషయమున తండ్రి భయమే సరియైనదని నా అభిప్రాయము. "విశ్లేషకురాలు" అన్న పేరుతో ఉద్యోగమిచ్చి, టెలిఫోను ద్వారా ఖాతాలు తెరిపించి, నెలకింత లావాదేవీ జరిపించవలెనని లక్ష్యము విధించు కార్యాలయములు కలవు. బ్రోకరుకు కమీషను లావాదేవీని బట్టి వచ్చును, ఖాతాదారుని లాభమును బట్టి కాదు. 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ అధ్యయనము తెలుపుచున్నది. అట్టివారిని ఫోనులో ప్రోత్సహించుటయే ఉద్యోగమైనచో, ఆ జీతము వలదనుటయే మేలు. నియామక పత్రములో పని ఏమని వ్రాసినారో, జీతములో లక్ష్యమునకు ముడిపెట్టిన భాగమెంతో ముందుగా అడిగి తెలిసికొనమని అమ్మాయికి చెప్పితిని.

మొన్న ఆదివారము వారింటికి వెళ్ళగా ట్రంకుపెట్టె తెరచి ఉన్నది. అమ్మాయి పదిహేనవ శ్రేణి పరీక్షకు పేరు నమోదు చేసికొన్నదట. 1995 నాటి ఆ కంపెనీ ప్రకటన పత్రమును నేలపై పరచుకొని చదువుచున్నది. ప్రమోటర్లు తమ జేబు నుండి పెట్టిన సొమ్మెంత అన్న పుట వద్ద ఆగి, "నాన్నగారూ, ఇది చూచినారా?" అని పిలిచినది. ఆయన కళ్ళజోడు వెదకుకొనుచు లేచినారు.