మనకొచ్చేది నీళ్ళేనట, భూకంపం కాదట!

2024 డిసెంబరు 4, పొద్దున ఏడున్నర దాటింది. విజయవాడ నుంచి మా పిన్ని ఫోను. “ఒరే, మంచం ఊగిందిరా! కళ్ళు తిరిగాయేమో అనుకున్నా, చూస్తే గిన్నెలు కూడా ఊగుతున్నాయ్” అంటోంది. ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలితే ఆ కుదుపు బెజవాడ దాకా వచ్చింది. పిన్ని వాళ్ళది కింద కార్లు, పైన ఐదంతస్తులు ఉన్న అపార్టుమెంటు. వెంటనే హంసలదీవికి ఫోన్ చేసి నాన్నకి చెప్పా. “మనకొచ్చేది నీళ్ళురా, భూకంపం కాదు” అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయారు.

ఆయన్ని తప్పు పట్టడం అంత తేలిక కాదు లెండి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాన్నకి పదహారేళ్ళు. ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదకొచ్చింది. అధికారిక లెక్కే పదివేలకి దగ్గర్లో ఉంటుంది, దివిసీమలో ఆ లెక్కని నమ్మేవాళ్ళు నాకింతవరకు కనపడలేదు. నాన్న ఓ డాబా మీదకెక్కి బతికారు. ఇల్లు ఎత్తుగా ఉండాలి, పైన స్లాబ్ ఉండాలి అనేది ఆ రాత్రి ఆయన ఒంట్లోకి ఎక్కిపోయింది. నాలుగేళ్ళ క్రితం నేను డబ్బు పంపిస్తే, కట్టించింది కూడా అలాంటి ఇల్లే. కింద తొమ్మిది స్తంభాలు, మధ్యలో ఖాళీ, అక్కడ ట్రాక్టరు, ధాన్యం బస్తాలు. పైన మేము.

“మనకి రాదు” అనే మాట మీదే నా గొడవంతా. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చిందిగా, ఒంగోలు మనకెంత దూరం? పోనీ 2004 డిసెంబరు 26న మంగినపూడి దగ్గర మనుషుల్ని లాక్కుపోయిన అలలు ఎక్కడివి? సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపానివి. మరి అది నీళ్ళ కింద లెక్కా, భూకంపం కింద లెక్కా, నాన్నే చెప్పాలి. లాతూరు వాళ్ళు కూడా ఇలాగే అనుకున్నారు. అప్పటి పటంలో వాళ్ళది అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున రాతి గోడల కింద దాదాపు పదివేలమంది పోయారు. ఇక 2002 నాటి ప్రమాణాల పట్టికలో విజయవాడ ఉన్నది జోన్ 3లో. ఈ సంగతి ఎంతమంది బిల్డర్లు చెప్పి ఫ్లాటు అమ్మారో మీరే చెప్పండి.

అసలు చిక్కేంటంటే, ఉప్పెన నుంచి కాపాడే ఇల్లే భూకంపంలో ముందు కూలుతుంది. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కదిలితే, రెండొందల కిలోమీటర్ల పైన దూరమున్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు పడిపోయాయి. చాలావరకు కింద పార్కింగు కోసం స్తంభాల మీద నిలబెట్టినవే. పైనంతా గోడలతో బిగుసుకుని పెట్టెలా ఉంటుంది, కింద ఒట్టి కాళ్ళు. కుదుపంతా ఆ కాళ్ళ మీదే పడుతుంది. పైగా అహ్మదాబాదుది సబర్మతి తెచ్చిపోసిన ఒండ్రు నేల. మెత్తటి నేల కుదుపుని పెంచుతుంది. అడుగున నీళ్ళున్న ఇసక అయితే కాసేపు అదే నీళ్ళలా అయిపోతుంది. మన దివిసీమ నేల ఎలాంటిదో, ఎన్ని అడుగులకి నీళ్ళు పడతాయో నేను చెప్పక్కర్లేదు.

అలాగని స్తంభాల ఇల్లు తప్పని నేననను, మళ్ళీ ఉప్పెన వస్తే అదే దిక్కు. నాతో చదివి సివిల్‌లో స్థిరపడ్డ మిత్రుణ్ణి తీసుకెళ్ళి చూపించా. అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కొన్ని స్తంభాల మధ్య పునాది నుంచి కాంక్రీటు గోడలు లేపి, మిగతావి నీళ్ళు పోవడానికి వదిలెయ్యమన్నాడు. స్తంభాల అడుగున ఒకదాన్నొకటి పట్టుకునే బీములున్నాయా అని అడిగాడు. నాన్న మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి గేదె వైపు చూశాడు.

ఇంకో ముచ్చట. స్తంభంలో నిలువు చువ్వల చుట్టూ కట్టే రింగుల కొసల్ని 135 డిగ్రీలు వంచి లోపలికి దిగేయాలి. మనవాళ్ళు 90 డిగ్రీలు వంచి వదిలేస్తారు. కుదుపుకి పైపెచ్చు రాలగానే రింగు విచ్చుకుంటుంది, చువ్వలు బయటికి ఉబ్బుతాయి. మిగిలేది రింగుకి కొన్ని అంగుళాల ఇనుము. “అబ్బాయిగారూ, ముప్పై ఏళ్ళ నుంచీ ఇలాగే కడుతున్నామండీ” అన్నాడు మేస్త్రి. ముప్పై ఏళ్ళ నుంచీ పరీక్ష రాలేదు కాబట్టి పాసైపోయినట్టే అన్నమాట! టెస్టింగు లేకుండా రిలీజు చేసే మేనేజర్లని చాలామందిని చూశా గానీ, వాళ్ళ సాఫ్ట్‌వేర్ కింద ఎవరూ నిద్రపోరు. దీనికి తోడు కాంక్రీటులో ఉప్పటి బోరు నీళ్ళు. చువ్వ లోపల్నుంచే తుప్పు పడుతుంది. ఇవన్నీ పైకి కనపడవు. కనపడే ఎలివేషన్‌కి, గ్రానైటుకి మాత్రం నేనే అడగ్గానే డబ్బు పంపించా. తిట్టుకోవాల్సింది ముందు నన్నే.

సరే, ఇన్సూరెన్సు ఉందిగా అనుకున్నా. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్ళు ఒక పాలసీ అంటగట్టారు, ప్రీమియం లోనులోనే కలిపేశారు. ములుగు కుదుపు తర్వాత మొదటిసారి తీసి చదివా. అది ఇంటి మీద కాదు, నా ప్రాణం మీద! నేను పోతే బాకీ తీరుతుంది, ఇల్లు కూలితే నేను బతికుండి వాయిదాలు కడుతూనే ఉండాలి. సంతకం పెట్టింది నేనే, చదవనిదీ నేనే. మీరూ ఓసారి మీ కాగితాలు తీసి చూడండి.

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళకి ఇది వేరే రకం బాధ. అక్కడ మామూలు ఇంటి పాలసీలో భూకంపం ఉండదు, విడిగా కొనాలి. నార్త్‌రిడ్జ్ భూకంపం (1994) దెబ్బకి కంపెనీలు వెనకాడితే 1996లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మనకి అదృష్టం ఎదురొచ్చినా పక్కకి తప్పుకుంటున్నాం. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అని ఒకే తీరు పాలసీ ఉంది. భూకంపం, తుపాను, వరద, సునామీ అన్నీ అందులోనే, విడిగా అడగక్కర్లేదు. స్థలం ధర లెక్కలోకి రాదు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చే లెక్క. లోపలి సామానుకి ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలు దాటకుండా, దానంతటదే వస్తుంది. మా ఇంటికి నేను కట్టే ప్రీమియాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకి ఒక బిర్యానీ ఖర్చు కూడా లేదు.

“ఏదైనా అయితే గవర్నమెంటు ఇస్తుందిలే” అనేవాళ్ళకి ఒక్క లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మునిగిన బెజవాడ ఇళ్ళకి ప్రభుత్వం ప్రకటించింది కింది అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000. ఫ్రిజ్జూ, వాషింగ్ మెషీనూ, మంచాలూ పోయినవాళ్ళకి అది ఎంతవరకు వచ్చిందో వాళ్ళనే అడగండి. పాలకాయతిప్పలో తాటాకు ఇంట్లో ఉండేవాళ్ళకి పాలసీ కొనుక్కోమని చెప్పే మొహం నాకు లేదు. వాళ్ళకి గట్టి ఇల్లు, తుపాను షెల్టరు ఇవ్వాల్సింది ప్రభుత్వమే. నా గొడవ నాలాంటి జీతగాళ్ళతో, అమ్మానాన్నల్ని ఊళ్ళో పెట్టి స్లాబ్ ఫోటోలకి లైకులు కొట్టేవాళ్ళతో.

మొన్న సంక్రాంతికి నాలుగు కాంక్రీటు గోడలూ లేచాయి. ట్రాక్టరు తిప్పడానికి చోటు తగ్గిందని నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. బీరువాని గోడకి బిగించాం, పిట్టగోడ అంచున ఉన్న నీళ్ళ ట్యాంకుని స్తంభం మీదకి జరిపించాం. పాలసీ కాగితం ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని ఇటూ అటూ తిప్పారు. “ఇందులో ఉప్పెన అని ఎక్కడ రాశార్రా?” అన్నారు. తుపాను, వరద, సునామీ అన్న మూడు మాటలూ వేలుపెట్టి చూపించా. రేషను కార్డుతో పాటు మడిచి కింద ఉన్న ట్రంకుపెట్టెలో పెట్టబోతుంటే ఆపి, ముందు దానికో ఫోటో తీసుకున్నా.