మణికట్టులో ప్లేటు

కీళ్ళవాతంవల్లనో, పాతదెబ్బవల్లనో మణికట్టు కీలు అరిగిపోయి, మందులకు నొప్పి లొంగనప్పుడు డాక్టరుగారు "కీలు అతికించేద్దాం" అంటారు. చెయ్యి కొయ్యబారిపోతుందని హడలిపోకండి. పోయేది మణికట్టు వంపు మాత్రమే. వేళ్ళు ఆడతాయి. అరచెయ్యి వెల్లకిలా, బోర్లా తిరుగుతుంది. ఆ తిరుగుడు ముంజేతి ఎముకలది. అన్నం కలుపుకోవచ్చు, తాళం తియ్యవచ్చు.

చేతి వెనుకవైపున, ముంజేతి ఎముక నుంచి మధ్యవేలి కింద అరచేతిలో ఉండే ఎముకదాకా స్టీలు లేదా టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. పిడికిలికి పట్టు ఉండాలని మణికట్టును సాధారణంగా 10-15 డిగ్రీలు వెనక్కి వంచి ఉంచుతారు. ప్లేటు కీలును అతికించదు సుమా! కదలకుండా పట్టి ఉంచుతుందంతే. అతుక్కోవలసింది ఎముకే, అందుకు రెండు మూడు నెలలు పట్టవచ్చు. బీడీలు, సిగరెట్లు ఎముకను సరిగా అతకనివ్వవు. ఆపరేషనుకు ముందే మానెయ్యాలి. "సగం తగ్గించానండీ" అంటే ఎముక వినదు.

తర్వాత ప్లేటు తీయించాలా? వేళ్ళను కదిలించే స్నాయువులకు రాసుకుని బాధపెడితే తప్ప సాధారణంగా అక్కర్లేదు.

ఒప్పుకునేముందు డాక్టరుగారినడిగి, మణికట్టు కదలకుండా బద్దకట్టు కట్టించుకుని కొన్నాళ్ళు ఇంటిపనులు చేసి చూడండి. ఇరుకుమూతి బిందె లోపల తోమడం, దొడ్డికి వెళ్ళాక శుభ్రం చేసుకోవడం, ఇబ్బందంతా ఇలాంటి చోటే. పోయిన వంపు మళ్ళీ రాదు కనుక, రెండో మణికట్టు కూడా పాడైనవారు ఈ సంగతి ముందే తేల్చుకోవాలి.