భోగి మంటలో వేసేముందు ఆ పెట్టె ఎవరిదో అడగండి

పోయిన ఆదివారం మా వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో భోగి మంట గురించి మాటలు మొదలయ్యాయి. ఎవరింట్లో కాల్చడానికి ఏమున్నాయో ముందే చెప్పుకుంటే పిల్లలు వచ్చి పట్టుకెళ్తారని. ఒకరు కాలు విరిగిన కుర్చీ అన్నారు. ఒకరు చెద పట్టిన కిటికీ రెక్క అన్నారు. వీధి చివరింటి వదినగారు, “మావాడి క్రికెట్ కార్డులు, రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి, దరిద్రం వదిలిపోతుంది” అని పెట్టారు. దాని కింద వరసగా నవ్వే బొమ్మలు, చప్పట్లు.

నేను “వాణ్ణి అడిగారా వదినా?” అని రాశాను. అక్కడే వచ్చింది గొడవ. “పన్నెండేళ్ళ వెధవని అడిగేదేమిటండీ, మీరు మరీను” అని ఆవిడ. “మా ఇంట్లో అయితే ఎప్పుడో చింపి పారేశాను” అని ఇంకొకావిడ. “అది జూదం, మొదట్లోనే తుంచెయ్యాలి” అని మరొకావిడ. చీకటిపడేదాకా నడిచింది. ఫోనులో బొటనవేలితో అన్నీ చెప్పడం నా వల్ల కాలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. వదినా, మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే నీతులు చెప్పొచ్చిందంటారు. నేనూ కాల్చాను. 2017 భోగికి.

మావాడు అప్పుడు ఏడో తరగతి. అంతకుముందు వేసవిలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐపీఎల్ కప్పు గెలిచింది. ఆ ఒక్క సీజన్లో కోహ్లి 973 పరుగులు కొట్టాడు, భువనేశ్వర్ కుమార్ 23 వికెట్లు తీశాడు. బి.ఏ. తెలుగు చదివిన దాన్ని, నాకీ లెక్కలెందుకు తెలుసంటే, వాడు అన్నం తింటూ, చెప్పులేసుకుంటూ, నిద్రలో కూడా అప్పజెబుతుంటే విన్నాను కాబట్టి. ఎక్కాలు అంత బాగా ఎప్పుడూ అప్పజెప్పలేదు. అప్పుడు వాళ్ళ బళ్ళో పిల్లలందరికీ టాప్స్ వాళ్ళ క్రికెట్ అటాక్స్ కార్డుల పిచ్చి. పొట్లం చింపేదాకా లోపల ఎవరున్నారో తెలీదు. కార్డు మీద ఆటగాడి బొమ్మ, బ్యాటింగుకి ఇంత, బౌలింగుకి ఇంత అని అంకెలు. మాది ద్వారకా తిరుమల కదా, యాత్రికుల పిల్లల కోసం కొండ కింద బొమ్మల దుకాణాలకి కొదవ లేదు. వాళ్ళ నాయనమ్మతో గుడికెళ్ళి వచ్చిన ప్రతిసారీ జేబులో ఒక పొట్లం ఉండేది. ప్రసాదం కన్నా ముందు అది విప్పేవాడు.

అవన్నీ పూతరేకులొచ్చిన అట్టపెట్టెలో, జట్టుకొక రబ్బరు బ్యాండు వేసి దాచుకునేవాడు. నాకు ఆ పెట్టంటే ఒళ్ళుమంట. పండగకి ఇల్లు దులుపుతుంటే మంచం కింద కాలికి తగిలింది. వాడు మేనమామతో ఏలూరు వెళ్ళాడు. చిత్తు కాగితాలతో, పాత పుస్తకాలతో కలిపి గుడ్డలో మూట కట్టేశాను. తెల్లవారుజామున ఆ మూట మంటలో వేసింది వాడే. పిడకల దండ వేసి, దాని వెనకే నేనందించిన మూట వేసి, చలికి చేతులు కాచుకుంటూ గెంతాడు. అందులో ఏముందో వాడికి తెలీదు.

పదింటికి పెట్టె వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. “అందులో నావి కానివి కూడా ఉన్నాయమ్మా” అన్నాడు. నేను “పోతే పోయాయిలే, ముందు తలంటుకో” అన్నాను.

ఆ మాటేమిటో నాకు ఫిబ్రవరిలో తెలిసింది. కూరల బండి దగ్గర వాడి స్నేహితుడి తల్లి కనబడి, “మీవాడు తన బ్యాటు మావాడికిచ్చేశాడండీ, వద్దంటే వినడే, మీరేమీ అనుకోరుగా” అంది. ఇంటికొచ్చి వాడి లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీ తీశాను. గీతలు కొట్టి పద్దు రాసుకున్నాడు. ఎవరి దగ్గర ఏ కార్డు తెచ్చాడు, ఏ రోజు, ఎప్పుడు తిరిగివ్వాలి. పండక్కి వచ్చే బావలతో ఆడటానికి నాలుగు మంచి కార్డులు అప్పు తెచ్చుకున్నాడు. వాటి ఎదురుగా ‘కనుమ తర్వాత’ అని ఉంది. మేనమామ ఇచ్చిన పండగ డబ్బులన్నీ పెట్టి పొట్లాలు కొంటే ఆ నాలుగింట్లో రెండు వచ్చాయి. మిగతా రెండూ ఎన్ని చింపినా రాలేదు. వాటి బదులు, వాళ్ళ నాన్న విజయవాడ నుంచి తెచ్చిన బ్యాటు ఇచ్చేశాడు. పద్దు కొట్టేశాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

నేను కాల్చినదానికి పన్నెండేళ్ళ వాడు అప్పు తీర్చాడు. నా కడుపులో ఇప్పటికీ దేవుతుంది.

అందుకని, జూదమన్నావిడకి జవాబు చెప్పగలను. సగం మీ మాటే ఒప్పుకుంటాను. మూసిన పొట్లం మీద మీకెంత కోపముందో నాకూ అంతే ఉంది. కొన్ని కార్డులు ఎక్కువా కొన్ని తక్కువా వెయ్యడం కంపెనీ చేతిలో పని. తక్కువ వేసినదాని కోసమే పిల్లాడు ఇంకొకటి, ఇంకొకటి అని కొంటాడు. దాన్ని కట్టడి చెయ్యండి, నెలకింతే అని చెప్పండి, అది తల్లి చెయ్యాల్సిన పనే. కానీ పొట్లం చింపాక అరుగు మీద జరిగేది వేరే సంగతి. ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? ఒకడి దగ్గర ఒకే బొమ్మ మూడుంటుంది, ఇంకొకడికి అదే లేదు. వాడు అడుగుతాడు, వీడు బెట్టు చేస్తాడు. ఒకటికి రెండంటాడు, కాదు రెండూ ఒక చిన్నదీ అంటాడు. చివరికి ఇద్దరూ సరే అంటేనే చేతులు మారతాయి. చిన్న పిల్లాణ్ణి మోసం చేసినవాడి దగ్గరికి మర్నాడు ఎవరూ రారు. అప్పిచ్చినవాడు నమ్మి ఇస్తాడు. ఇందులో పాచికలెక్కడున్నాయి? కోళ్ళ పందేల బరికి మగవాళ్ళు కట్టలు పట్టుకెళ్తుంటే సంప్రదాయం అని ఊరుకునే జిల్లాలో, పిల్లాడి అట్టముక్కలు జూదమా వదినా?

మా ఊరి దేవుడి దగ్గర కూడా మార్పిడికో లెక్కుంది. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చంటారు, చిన్న తిరుపతి మొక్కు మాత్రం ఇక్కడే తీర్చాలంటారు. ఎంత చెబితే అంత, ఎక్కడ చెబితే అక్కడ. మా అరుగు మీద పిల్లలకి ఆ పట్టింపు ఉంది. మనకే లేదు.

చదువు పాడవుతుందనే మాటకి నేను జవాబివ్వను. ఆ వంక మీద మనం పిల్లల చేతిలోంచి లాక్కోనిది ఏదీ మిగల్లేదు, ఫోను తప్ప.

ఇంట్లో చోటు లేదనేది మాత్రం నిజమైన కష్టం. ఊడ్చేది మనం, తుడిచేది మనం, మంచం కిందకి వంగేది మనం. ఇంట్లో ఎవరేం తెచ్చి పడేసినా దాని దుమ్ము దులపాల్సింది మనమే కాబట్టి, ఏది చెత్తో తేల్చే హక్కూ మనదే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అదే సంక్రాంతికి మన ముందు గదిలో ఏం చేస్తాం? అటక మీంచి పెట్టె దింపి, పాత చీర ముక్కల్లోంచి, దూదిలోంచి ఒక్కొక్క బొమ్మ తీసి మెట్ల మీద పేరుస్తాం. బొమ్మల కొలువు. అమ్మమ్మ కొన్న కొండపల్లి దశావతారాలు, అత్తయ్యగారి పుట్టింటి నుంచి వచ్చిన ముక్కు విరిగిన మట్టి చెట్టియారు, నేను పెళ్ళయిన కొత్తలో కొన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు. ఏటా ఒకటి కలపాలని పట్టింపు. పేరంటానికి వచ్చినవాళ్ళకి ఏది ఎక్కడిదో చెప్పుకుంటాం. ముక్కు విరిగిందని చెట్టియార్ని ఎవరైనా భోగి మంటలో వేస్తే ఊరుకుంటామా? ఆ చోటు సంవత్సరమంతా అటక మీద మనకి ఎలా దొరుకుతుందో, ఒక పూతరేకుల పెట్టెకి మంచం కింద అలాగే దొరుకుతుంది.

నాకు ఈ బాధ చిన్నప్పుడే తెలిసుండాల్సింది. మా పుట్టిల్లు కైకలూరు దగ్గర, కొల్లేటి వైపు. మగపిల్లలు కిళ్ళీ కొట్టు దగ్గర పారేసిన సిగరెట్ పెట్టెలు ఏరుకొచ్చి, చింపి, బచ్చాలాడేవారు. చార్మినార్ పెట్టెకి ఒక విలువ, గోల్డ్‌ఫ్లేక్‌కి ఇంకో విలువ. తర్వాత బిగ్ ఫన్ బబుల్ గమ్ వచ్చింది. దాంతోపాటు క్రికెటర్ బొమ్మున్న చిన్న కార్డు, దాని మీద ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని ఉండేది. పరుగులు కూడబెడితే బహుమతి. కూడే పని నాది, తమ్ముడికి కూడికలు రావు. మావిడికాయ జీడి అమ్ముకునే ముసలాయన దగ్గర కూడా ఆ గమ్ములు దొరికేవి, నా బడి డబ్బుల్లోంచి కొనేదాన్ని. మార్చుకోవడానికి మాత్రం నేను వీధిలోకి వెళ్ళకూడదు, తమ్ముణ్ణి పంపాలి. వాడు ప్రతిసారీ నష్టపోయి వచ్చేవాడు. నాకు పన్నెండేళ్ళొచ్చాక ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి నా డబ్బా తమ్ముడి చేతిలో ఉంది. “పెద్దదానివయ్యావు, నీకెందుకే ఇవి” అంది అమ్మ. కాల్చలేదు, పారెయ్యలేదు, ఇచ్చేసింది. అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్నేమో.

ఇరవై ఏళ్ళ తర్వాత నేను కొడుక్కి అదే పని, ఇంకా ఘోరంగా చేశాను.

ఈ కథంతా న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురికి చెబితే, “అయ్యో అక్కా, దాచి ఉంటే లక్షలు వచ్చేవేమో” అంది. ఆ మాటకి నాకు కాల్చినదానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. అక్కడ వాళ్ళకి బేస్‌బాల్ కార్డులంటే పెద్ద వ్యవహారం. మొదట సిగరెట్ పెట్టెల్లోనే వచ్చేవట అవి, పెట్టె నలగకుండా గట్టిగా ఉండటానికి. మన బచ్చాల చుట్టాలే. తర్వాత బబుల్ గమ్‌తో వచ్చాయి. టాప్స్ కంపెనీ 1952లో వేసిన మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డొకటి 2022 ఆగస్టు వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. మన డబ్బుల్లో ఇంచుమించు 100 కోట్లు. ఆ దేశపు మగవాళ్ళు ఇప్పటికీ సరదాగా అంటుంటారట, “మా అమ్మ నా కార్డులు పారెయ్యకపోయుంటే ఈపాటికి కోటీశ్వరుణ్ణి” అని.

ఎంత బాగుందో చూడండి. అమ్మలందరూ దాచిపెట్టి ఉంటే ఆ కార్డు ఇంటింటా ఉండేది, దాన్ని కోట్లు పోసి ఎవరూ కొనేవారు కారు. పైగా అమ్ముడుపోని 1952 కార్డుల్ని 1960లో ఆ కంపెనీవాళ్ళే పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. కంపెనీ పారబోస్తే వ్యాపారం, అమ్మ పారేస్తే జోకు. మూలనున్న చీపురు మన చేతికిచ్చి, ఊడ్చినందుకు మళ్ళీ మననే అనడం అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

మా చెల్లెలి కొడుకు తన కార్డులు ప్లాస్టిక్ పలకల్లో సీలు వేయించి పెట్టుకున్నాడు. అంచులు నలక్కుండా, మచ్చ లేకుండా ఉంటే పదికి పది మార్కులిస్తారట కార్డుకి. మన పదో తరగతి పిల్లల్ని పదికి పది అని పీక్కుతిన్నది చాలక అట్టముక్కలకి కూడానా? సీలేసిన కార్డుని ముట్టుకోకూడదు, ఆడకూడదు, మార్చుకోకూడదు. ధర చూసుకుంటూ కూర్చోవాలి. దానికన్నా మంటలో వెయ్యడమే నయమనిపించింది ఒక్క క్షణం. మావాడి పెట్టెలో కార్డులన్నిటికీ మూలలు నలిగే ఉండేవి. పాత కాగితాల కొట్టులో తూకానికి వేస్తే అరకిలో కూడా తూగవు. అయినా అవి వాడివి. కొన్ని వాడి స్నేహితుడివి.

వదినా, లక్షలొస్తాయని దాచమని నేననడం లేదు. ఇల్లు ఇరుకైతే వాణ్ణే కూర్చోబెట్టండి. రెండు పెట్టెలు ఒకటి చెయ్యమనండి. మిగతావి ఏం చెయ్యాలో వాడు తేల్చుకుంటాడు, చిన్నపిల్లలకి పంచుతాడో, మారుస్తాడో, లేక తన చేత్తో తనే మంటలో వేస్తాడో. తెలిసి వేస్తే నాకే అభ్యంతరమూ లేదు.

మావాడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ హైదరాబాదులో ఉన్నాడు. పండక్కి నిన్న దిగాడు. ఈ గొడవంతా చెప్పి, “నువ్వప్పుడు నాకెందుకు చెప్పలేదురా” అన్నాను. “చెబితే నువ్వు వాళ్ళింటికెళ్ళి బ్యాటు వెనక్కి తెచ్చేదానివి” అన్నాడు. నిజమే, తెచ్చేదాన్ని.

రేపు తెల్లవారుజామున భోగి. సాయంత్రం వదినగారి పిల్లాడు రెండు అట్టపెట్టెలూ చంకలో పెట్టుకుని మా వెనక గుమ్మంలోకి వచ్చాడు, “ముక్కనుమ దాకా ఇక్కడుంచుతారా అత్తా” అని. వాళ్ళమ్మకి చెప్పే వచ్చావా అంటే తలూపాడు, అవునో కాదో తెలీకుండా. అటక మీద బొమ్మల పెట్టె దించిన చోటు ఖాళీగా ఉంటే అక్కడ పెట్టాం. వెళ్ళేముందు లెక్కపెట్టి, చీటీ మీద సంఖ్య రాసి నాతో సంతకం పెట్టించుకున్నాడు. 214. వదినగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, దాచడం నాకిష్టం లేక. “సరే” అని పెట్టేశారు. కనుమ నాడు గారెలు పంపిస్తాను, అప్పటికి మాట్లాడతారేమో చూడాలి.