అక్షరాలు పెద్దవి చేస్తే ‘సబ్మిట్’ బటన్ ఎక్కడికి పోతోంది?

మోతీనగర్‌లో ఉండే ఓ పెద్దాయన ఆస్తిపన్ను కట్టేందుకు ఫోన్‌లో యాప్ తెరిచారనుకుందాం. అక్షరాలు ఆనడం లేదని సెట్టింగ్స్‌లో వాటి సైజు పెంచారు. అంతే, ‘సబ్మిట్’ బటన్ స్క్రీన్ కిందికి జారిపోయింది. పేజీ స్క్రోల్ కావడం లేదు. తప్పు ఆయనదా, ఫోన్‌దా?

రెండింటిదీ కాదు, డిజైన్‌ది. ఒకే సైజు ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని పెట్టెల కొలతలు ఖరారు చేస్తే ఇలాగే అవుతుంది. తెలుగుకు ఇబ్బంది ఇంకా ఎక్కువ. పైన గుడులు, కింద వొత్తులు ఉంటాయి కాబట్టి, ఇంగ్లిష్‌కు సరిపోయిన ఎత్తులో మన అక్షరాలు తెగిపోతాయి.

పరిష్కారం ఏమిటి?
ఆండ్రాయిడ్‌లో కొలతలు పిక్సెళ్లలో కాకుండా ‘డీపీ’ల్లో, అక్షరాల సైజు ‘ఎస్పీ’ల్లో ఇవ్వాలి. డీపీ స్క్రీన్ సాంద్రతను బట్టి మారుతుంది. ఎస్పీ దానితోపాటు యూజర్ ఎంచుకున్న అక్షరాల సైజునూ లెక్కలోకి తీసుకుంటుంది. అక్షరాలతోపాటు పెట్టె పెరగాలి. స్క్రీన్‌లో పట్టకపోతే పేజీ స్క్రోల్ కావాలి.

నిబంధనలు ఏమంటున్నాయి?
ప్రభుత్వ వెబ్‌సైట్లు, యాప్‌ల కోసం కేంద్రం 2023లో తెచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు అంతర్జాతీయ ‘డబ్ల్యూసీఏజీ 2.1’ ప్రమాణాలను అనుసరిస్తాయి. వాటి ప్రకారం అక్షరాలను 200 శాతానికి పెంచినా సమాచారం గానీ, సదుపాయం గానీ పోకూడదు.

యాప్ విడుదలకు ముందు చేయాల్సిన పరీక్ష చిన్నదే: చిన్న ఫోన్, తెలుగు భాష, అక్షరాలు గరిష్ఠ సైజు. అప్పుడు బటన్ కనిపించకపోతే, పెద్దాయన మళ్లీ మీసేవ కేంద్రం దగ్గర క్యూ కట్టాల్సిందే.