పార్కులో ఆడవాళ్ల పేర్లెక్కడ?

చెన్నైలో పార్కులకేం తక్కువ లేదు. టీ నగర్లో పానగల్ పార్కు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానిని ఏలిన ఆ రాజావారు మన తెలుగాయనే. మైలాపూర్ వైపు నాగేశ్వరరావు పార్కు, అమృతాంజనం పంతులుగారిది. షెణాయ్ నగర్లో తిరువిక పార్కు. ఆయన మన మద్రాసు లేబర్ యూనియన్‌కు అధ్యక్షుడిగా చేసినవారు. సంతోషమే. మరి ఆడమనిషి పేరుతో ఉన్న పార్కు ఏదమ్మా అంటే, నాకు గుర్తొచ్చేది పెరియమేడు దగ్గర మై లేడీస్ పార్కు ఒక్కటే. దొరసాని అన్నారు, అంతే. ఆమెకు పేరే లేదు!

మెరీనాలో ఉళైప్పాళర్ సిలై చూసే ఉంటారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసింది, 1959లో పెట్టారు. నలుగురు మగవాళ్లు బండను తోస్తుంటారు. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. 1923 మే 1న సింగారవేలుగారు మన దేశంలో మొదటి మే డే జరిపింది ఈ సముద్రపొడ్డునే. జెండాకు గుడ్డ లేక కూతురి ఎర్రచీర చించారని పెద్దలు చెప్తారు. చీర ఆడపిల్లది, విగ్రహం మగవాళ్లది.

అవ్వైయార్, కణ్ణగి లేరా అంటారు. ఉన్నారు, 1968లో పెట్టారు. కణ్ణగిని 2001లో తీసేసి 2006లో మళ్లీ నిలబెట్టారు కూడా. ఒకరు పాటలు కట్టినావిడ, ఒకరు కథలో ఆవిడ. నేనడిగేది రీలింగులో నిలబడినావిడ గురించి.

మేం షిఫ్టంతా నిలబడే నూలు చిలపలు చుట్టాం. కాళ్లు వాచేవి, ముక్కు నిండా పత్తి దుమ్ము. చట్టం రాత్రి షిఫ్టు ఆడవాళ్లకు వద్దంది. మన మంచికే అన్నారు గానీ, మూడు షిఫ్టుల మిల్లులో మనకు చోటు తగ్గింది. కొత్త మిషన్లు వస్తే ముందు ఇంటికి పోయింది మేమే. 1996లో బిన్నీ మిల్లు మూతపడింది. ఆ నేలమీద ఇప్పుడు ఎత్తైన అపార్టుమెంట్లు. అక్కడ పనిచేసినోళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

పార్కన్నాక చెట్ల సంగతీ చెప్పాలి. ఏ ఆకు ఏ నొప్పికో మనకంటే ముందునుంచీ ఈ నేలమీద ఉన్న ఇరుళవాళ్లకు తెలుసు. మన నెల్లూరు యానాదుల్లాంటి వాళ్లు అనుకోండి. పాములు పట్టే ఇరుళవాళ్లు ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ మగవాళ్లే. చెంగల్పట్టు దగ్గర తండరైలో ఇరుళ ఆడవాళ్ల సంఘం 1986 నుంచి ఉంది, మందుమొక్కలు పెంచుతారు. ఆ సంగతి మన పేటలో ఎందరికి తెలుసు?

కొత్త పార్కు కట్టమని అడగట్లేదు. చింతాద్రిపేటలో నేపియర్ దొర పార్కు మే డే పార్కు కాలేదా? అట్లాగే మన పేట పార్కు ఒకదానికి మిల్లు ఆడవాళ్ల పేరు పెట్టాలి. లోపల ఒక రాతిమీద పేర్లు చెక్కించాలి. మందుమొక్కలు నాటడానికి ఇరుళ అక్కల్ని పిలవాలి, ఊరికే కాదు, కూలి ఇచ్చి. కార్పొరేషన్లో సగం సీట్లు ఆడవాళ్లవే. 2022లో మేయరైన ప్రియ కూడా మన ఉత్తర చెన్నై బిడ్డే. అడగడానికి మొహమాటమెందుకు?

ముందు పేర్లు కావాలి. మీ ఇంట్లో అమ్మో, అత్తో, నాయనమ్మో మిల్లులో చేసి ఉంటే ఆమె పేరు, ఏ మిల్లు, ఏ డిపార్టుమెంటు, ఏ సంవత్సరాలు, కాగితం మీద రాసి మన పత్రికకు పంపండి. ఫలానా ఆయన భార్య అని రాయకండి. ఆమె పేరే రాయండి.